పూరీ స్టేషనులో ట్రంకుపెట్టె

ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానమున నిత్యము వినవచ్చు సాక్ష్యసూత్రములలో ముఖ్యమైన రెండు, ఒక తెలుగువాని దుర్మరణము మూలముననే స్పష్టపడినవి.

1937 మార్చి 23న పూరీ స్టేషనులో, మూడవ తరగతి బండియందు, ఒక ట్రంకుపెట్టెలో ఖండఖండములైన శవము దొరకెను. మృతుడు పూర్వము పిఠాపురము దివాను కొలువులో బంట్రోతు. రావలసిన సొమ్మునకై బరంపురము పోవుచున్నానని భార్యతో చెప్పి బయలుదేరినవాడు. ఆ మాట సాక్ష్యమగునా? మరణమునకు దారితీసిన పరిస్థితులను తెలుపుచున్నది కావున అగునని 1939 జనవరిలో ప్రీవీ కౌన్సిల్ పక్షమున లార్డ్ ఆట్కిన్ నిర్ణయించెను. ఆంగ్లదేశమున, చావు తప్పదను నిశ్చయముతో పలికిన మాటయే చెల్లెడిది. మన సాక్ష్యచట్టమున ఆ నిబంధన లేకుండుట నాకు మిక్కిలి ధర్మ్యముగా తోచును, చంపబడినవాడు మరల వచ్చి చెప్పుకొనజాలడు గదా!

ఇక, ఈ హత్యకు నిందితుడైన పాకాల నారాయణస్వామి, మృతుడు తన యింటికి వచ్చెనని పోలీసులతో పలికిన మాట యేమయ్యెను? నేరమునో, నేరమును రూపించు విషయములను దాదాపు అన్నిటినో ఒప్పుకొన్ననే అది నేరాంగీకారము. ఈ మాట అట్టిది కాదు. అయినను దర్యాప్తులో పోలీసులకు చెప్పినది గనుక దానిని సాక్ష్యమునుండి తొలగించిరి. తొలగించిన పిదపను మిగిలిన సాక్ష్యము చాలినందున శిక్ష నిలిచెను.