తలుపు కొట్టింది సీపీఎస్ అయితే ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్ అమెరికాలో చిన్నపిల్లలున్న మన తెలుగు ఫ్యామిలీల కోసం. ‘చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్ నుంచి వచ్చాం’ అని ఒక ఆఫీసర్ గుమ్మంలో నిలబడితే ఏం చేయాలి? నేను బీటెక్ చదివిన ఇంజినీర్‌ని, లాయర్‌ని కాదు. ఇది అవగాహన కోసమే.

ముందుగా, వాళ్ళు వచ్చినంత మాత్రాన మీరు తప్పు చేశారని తేలిపోయినట్టు కాదు. టీచర్లు, డాక్టర్లు అనుమానం వస్తే రిపోర్ట్ చేయాల్సిందే, అక్కడి చట్టం అది. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము దగ్గర నీలం మచ్చలుంటాయి కదా? తెలియనివాళ్ళకి అవి కమిలిన దెబ్బల్లా కనిపిస్తాయి. పీడియాట్రీషియన్ చేత ముందే రికార్డులో రాయించి పెట్టుకోండి.

ఇక గుమ్మం దగ్గర. అరవకండి, ఏడవకండి. పేరు, ఐడీ కార్డు, ఫోన్ నంబర్ అడిగి రాసుకోండి. ‘మా మీద ఆరోపణ ఏంటి?’ అని అడగండి. 1974 నాటి కాప్టా చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం మొదటిసారి కలిసినప్పుడే అది చెప్పాలి. ఫిర్యాదు చేసిందెవరో మాత్రం చెప్పరు.

లోపలికి రానివ్వాలా? మామూలుగా మీ అనుమతి, లేదా కోర్టు ఆర్డర్ ఉండాలి. బిడ్డకి తక్షణ ప్రమాదం ఉందనుకుంటే అది వేరు, అప్పుడు అడ్డుపడకండి. టెక్సస్‌లో అయితే 2023 సెప్టెంబర్ 1 నుంచి ఈ హక్కుల్ని వాళ్ళే మీకు చెప్పాలి. కానీ ‘రావద్దు’ అని ఊరుకుంటే సరిపోదు, వాళ్ళు కోర్టుకి వెళ్ళొచ్చు. ‘లాయర్‌తో మాట్లాడి టైమ్ చెప్తాం’ అని మర్యాదగా చెప్పి, అదే రోజు ఫ్యామిలీ లాయర్‌ని పట్టుకోండి.

మాట జాగ్రత్త. మనం మామూలుగా ‘రెండు తగిలించాను’ అంటాం. అది ఇంగ్లీష్‌లో ఫైల్లోకి ఎక్కితే బరువు వేరు. ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో ఇంగ్లీష్ రాకపోతే ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. అర్థం కాకుండా తలూపించొద్దు. ‘సేఫ్టీ ప్లాన్’ అని కాగితం ఇస్తే లాయర్ చూడకుండా సంతకం పెట్టకండి.

మూడు పనులు అస్సలు వద్దు: అబద్ధం చెప్పడం, పిల్లలకి జవాబులు నేర్పడం, ఎంక్వైరీ మధ్యలో పిల్లల్ని ఇండియా పంపేయడం. పంపేస్తే పారిపోతున్నారనే అనుకుంటారు.

చివరిగా ఒక్క మాట. నిజంగానే పిల్లల మీద చెయ్యి చేసుకునే అలవాటుంటే, సీపీఎస్ వచ్చేదాకా ఆగకుండా ఇవాళే మానేయండి. ఏ లాయరూ ఇవ్వలేని రక్షణ అదే. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!