తీర్మానము వ్రాయు చేయి



హుజూర్‌నగరమున సమావేశమైన ఈ సభకు అధ్యక్షత వహింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. స్త్రీల హక్కులకై పాటుపడు యువతులు రాజకీయ నిర్ణయములయందు పాలుపొందుటను గూర్చి సాహిత్యవేదికపై ప్రసంగించుట ఉచితమా యని కొందరు మిత్రులు సందేహించిరి. ఈ సీమ చరిత్ర నెఱిగినవారికి ఆ సందేహము నిలువదు. ఇచ్చటికి అనతిదూరమున నున్న చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. ఆ మహాసభ 1930లో జోగిపేటలో తొలిసారి కూడినప్పుడే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగినది. భాష, గ్రంథాలయము, వెట్టిచాకిరి, స్త్రీవిద్య వేర్వేరు ప్రశ్నలని ఆ పెద్దలు తలపలేదు.

అంతకుముందే, మన సరిహద్దున కావల మునేటి యొడ్డున పెనుగంచిప్రోలున జన్మించిన భండారు అచ్చమాంబగారు, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించి, 1902లో బందరున బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పి, 1905లో ముప్పదియొక్క యేండ్లైన నిండకుండగనే గతించిరి. మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆమె తమ్ములు. గ్రంథరచనయు సంఘనిర్మాణమును ఒక్క యువతి చేత ఒక్కకాలముననే సాగిన ఆ వైనమును మన సాహిత్యచరిత్రకారులు తగినంతగా గుర్తింపలేదని నా యభిప్రాయము.

తెలంగాణ సాయుధపోరాటమునకు వత్తము. ఈ జిల్లాలోని కరివిరాల కొత్తగూడెమున 1931లో భూస్వామికుటుంబమున జన్మించిన మల్లు స్వరాజ్యంగారు, ఆంధ్రమహాసభ పిలుపు విని బాల్యముననే తమ యింటి ధాన్యమును కూలివారికి పంచిపెట్టి, పిదప తుపాకి చేపట్టి, దళమునకు నాయకురాలై, తమ తలకు సర్కారు పదివేల రూపాయల వెల ప్రకటించునంతవఱకు పోరాడిరి. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది. తుంగతుర్తి నుండి ఆమె శాసనసభకు ఎన్నికైనది 1978లో. నడుమ నున్న ఇరువదియేడేండ్లు నన్ను కలవరపెట్టుచున్నవి. కౌమారము దాటని బాలిక చేతికి ఆయుధమిచ్చుటకు సంశయింపని సమాజమున ఆమెకు శాసనసభలో ఆసనము దక్కుటకు నలువదియేడవ యేడు రావలసివచ్చెను. ఆలేరు నుండి 1952లోనే గెలిచిన ఆరుట్ల కమలాదేవిగారివంటి వారు అరుదు. తక్కిన వారేమైరి? హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో, పోరాటము ముగిసినంతనే ఇండ్లకు మరలిపొండనిన మాట తమ్మెంత గాయపఱచెనో ఆ స్త్రీలే చెప్పికొనిరి. మన ఉద్యమములు యువతుల ధైర్యమును గ్రహించినవి గాని వివేకమును గ్రహింపలేదు. ఊరేగింపునకు ముందు నిలిపి, తీర్మానము వ్రాయువేళ వెనుకకు పంపినవి.

ఆ యలవాటు పోరాటముతోనే తీరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చిన బలముతో సారాపై తిరుగబడగా, ఆ యుద్యమము ఉమ్మడి రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారాకును 1995లో సకల మద్యమునకును నిషేధము వచ్చినది. 1997లో ఆ నిషేధమును సడలించుటకు ఖజానా లెక్కలు చూచిన గదిలో మాత్రము దూబగుంట స్త్రీకి కుర్చీ లేదు.

చట్టము నిష్ఫలమని నేననను. డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణ వలన ఇరువదియొక్క యేండ్లు నిండిన యువతి పంచాయతీకి పోటీ చేయగలదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము సగము స్థానములను స్త్రీలకు కేటాయించినది. అయినను సర్పంచి కుర్చీలో భర్త కూర్చుండి, సంతకమునకు మాత్రము పుస్తకమును ఇంటికి పంపు పద్ధతి మన యూళ్లలో అంతరింపలేదు. పైమెట్టున చూడుడు: 2014 జూన్ నుండి 2019 సెప్టెంబరు వఱకు మన రాష్ట్ర మంత్రిమండలిలో ఒక్క స్త్రీయైనను లేదు, 2023 ఎన్నికలలో గెలిచిన 119 మంది శాసనసభ్యులలో స్త్రీలు పదిమంది. చట్టసభలలో స్త్రీలకు మూడవవంతు స్థానముల నొసగు నూటయాఱవ సవరణ ఆ యేడే ఆమోదము పొందినను, జనగణనయు నియోజకవర్గముల పునర్విభజనయు ముగిసిన పిమ్మటనే అమలు కావలెనని అందు నిబంధించిరి.

ఇట్టి స్థితిలో సాహిత్యకారుల తోడ్పాటు ఎట్లుండవలెను? ఒక యుదాహరణము చూడుడు: మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతములలో సిమెంటు కర్మాగారములున్నవి గదా. అట్టి పరిశ్రమ నెలకొల్పుటకో విస్తరించుటకో ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెననియు, పర్యావరణ నివేదిక సంగ్రహమును స్థానిక భాషలో నీయవలెననియు 2006 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన విధించుచున్నది. కాని సంపూర్ణ నివేదిక వందల పుటల ఆంగ్లమున నుండును. తండా నుండి వచ్చి, తమ బావినీటిని గూర్చి ప్రశ్నింప నెంచిన డిగ్రీ విద్యార్థిని, ఆ సంగ్రహముతోనే సరిపెట్టుకొని లేచినచో, అధికారి ఒక్క సాంకేతికపదముతో ఆమెను కూర్చుండబెట్టగలడు. అచ్చట ఆమెకు కావలసినది మన ప్రశంస గాదు. ఆ పుటలను సుబోధమైన తెలుగున వ్రాసియిచ్చు పండితుడు, బస్సు ఖర్చు భరించు సంఘము, మాటలాడిన మఱునాడు ఫోనులలో ఆమె శీలముపై దుష్ప్రచారము బయలుదేరినప్పుడు పేరు పెట్టి ఖండించు రచయిత. ఓడినను మఱల నిలుచుటకు ఆమెకు అండ యుండవలెను, ఏలయన మన స్త్రీలను రాజకీయము నుండి తరిమివేసినది ఓటమి కంటె ఓటమి తరువాతి ఒంటరితనమని నేను నమ్ముచున్నాను.

కావున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల సాహిత్యసంఘములవారు మండలమున కొక్క అనువాదబృందమును ఏర్పఱచి, పంచాయతీ పద్దులను, ప్రభుత్వ ఉత్తర్వులను, ఇట్టి నివేదికలను తెలుగుచేసి, నూతనముగా ఎన్నికైన వార్డు సభ్యురాండ్రతో కూర్చుండి చదువవలెనని అర్థించుచున్నాను. అంతకుముందు మన ఇంటిని మనము చక్కదిద్దుకొందము. రేపటి విషయనిర్ణయసభకు ప్రతిపాదింపబడిన పేర్ల పట్టిక నా చేతిలో నున్నది. అందు ముప్పది యేండ్ల లోపు స్త్రీ యొక్కరును లేరు. అధ్యక్షునిగా నాకు గల అధికారముతో ఆ పట్టికను ఆమోదింపక తిప్పి పంపుచున్నాను. సగము స్థానములను ఈ సభలోని యువతులు తమలో తామే ఎన్నుకొని నింపవలెను. తీర్మానముల చిత్తుప్రతిని వ్రాయుబాధ్యతయు వారిదే. పేర్లను ఈ సాయంకాలము ఆఱుగంటల లోపల కార్యదర్శిగారికి అందజేయగోరెదను.