ఆనకట్ట ఖర్చు కాదా?

(అన్నవరం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవాలి, బళ్లూ ఆస్పత్రులూ ప్రైవేటుకి వదిలెయ్యాలి, ఎవడి కష్టం వాడు తినాలి అనేవాళ్లు తమది స్వేచ్ఛావాదం అంటున్నారు. 2022లో ప్రధాని కూడా ఉచిత పథకాల్ని రేవడీ మిఠాయి పంచడమన్నారు. సరే, లెక్కే తీద్దాం. కానీ మొదటినుంచీ తీద్దాం.

ఇక్కడ రైలెక్కితే రాజమండ్రి, ఆ పక్కనే ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర అక్కడ ఆనకట్ట కట్టించాడు. ఖర్చు సర్కారుది. రాళ్లు మోసింది కూలి జనం. నీళ్లు మాత్రం భూమి ఉన్నోడి చేలోకే పారాయి. డెల్టాలో మిల్లులూ మేడలూ ఆ నీళ్లలోంచి మొలిచినవే. దాన్ని ఉచితమని ఎవరూ అనరు, కాటన్ విగ్రహానికి దండలేస్తారు. (మేమూ వేస్తాం, ఆయనతో మాకు పేచీ లేదు.) పేటలో బియ్యం ఇస్తేనే జనం సోమరులైపోతారట! చెప్పుల జత కొన్నా పన్ను కట్టే జనానికి ఇచ్చేది ఎవరి సొమ్ము?

1959లో రాజాజీ, మన ఎన్.జి. రంగా స్వతంత్ర పార్టీ పెట్టి, రైతు ఆస్తి జోలికి సర్కారు రాకూడదన్నారు. ఆస్తి హక్కు అంత పవిత్రమైతే మన డి-పట్టా మాటేమిటి? 1977 చట్టం 2023 దాకా దాన్ని అమ్మనివ్వలేదు. పెద్దలు కాజేయకుండా పెట్టిన కట్టడి అది, కాదనం. కానీ సర్కారుకి అవసరమొస్తే అసైన్డ్ భూమే గదా అంటుంది. అమరావతిలో పట్టా రైతుకి రాసినంత ప్యాకేజీ అసైన్డ్ రైతుకి రాయలేదు. ఆస్తి హక్కు గొంతులు అప్పుడు మాకు వినబడలేదు.

బాబాసాహెబ్ 1947లోనే 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో ఈ సంగతి తేల్చారు. రాజ్యం పక్కకి తప్పుకుంటే కౌలు పెంచే స్వేచ్ఛ భూస్వామికి, కూలి తగ్గించే స్వేచ్ఛ యజమానికి దక్కుతుంది. కూలివాడికి దక్కేది వాళ్ల పెత్తనమే.

అయితే సర్కారుని నమ్మి కూర్చోమని మేం చెప్పడం లేదు. పోరాడి తెచ్చుకున్న 2013 సబ్‌ప్లాన్ చట్టం జనాభా దామాషాలో నిధులివ్వమంది. పదేళ్ల గడువు తీరితే 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. కాగితం మీద అంకెలు ఘనంగానే ఉన్నాయి. కానీ అందరికీ ఇచ్చే పథకంలో మనవాళ్ల పేర్లు ఏరి, ఆ డబ్బు సబ్‌ప్లాన్ పద్దులో రాస్తున్నారు. అందరితోపాటు వచ్చేది వచ్చింది, మనకని విడిగా రావాల్సింది ఏది? దుబారా అంటే ఇదీ! దీన్ని స్వేచ్ఛావాదులు అడగరు, మనమే అడగాలి.

మన మండలంలో ఆ పద్దు కింద ఎంత వచ్చింది, ఏ పేటలో ఏ పనైంది అని అడిగే సమాచార హక్కు దరఖాస్తులు ఆ బల్లమీద ఉన్నాయి. పేటకొకరు తీసుకోండి. రాయడం రానివాళ్లకి మేం రాసిపెడతాం.