మన ఊరికి తగిన సిమ్ము, మన పనికి తగిన ప్లాను



విత్తనం కొనేటప్పుడు మనం ఏమి చేస్తాము? ప్రక్క ఊరిలో బాగా పండింది గదా అని కళ్లు మూసుకొని తెచ్చి చల్లము. మన నేల రేగడా, చౌడా, కాలువ నీరు చివరిదాకా వస్తుందా, గాలికి పడిపోయే రకమా అని నలుగురిని అడుగుతాము. మొదట ఒక కయ్యలో వేసి చూచి, ఆ తరువాతనే మిగతా పొలానికి వేస్తాము. మరి సెల్‌ఫోను సిమ్ము దగ్గరకు వచ్చేసరికి, అంగడిలో ఏది చేతిలో పెడితే అదే తెచ్చుకొంటాము. ఎంత చెబితే అంత ఇచ్చి వస్తాము. సిమ్మును కూడా విత్తనంవలెనే ఎంచుకోవలెనని చెప్పడమే ఈనాటి ప్రసంగ విషయం.

ఫోను ఈ రోజున మాటలకే పరిమితం కాదు. పి.ఎం. కిసాన్ పనికి, ఆధారుకు వచ్చే ఓ.టి.పి., బాంకు లెక్క, ధాన్యం కొనుగోలు కబురు, తుఫాను హెచ్చరిక అన్నీ ఆ పది అంకెల నెంబరు మీదనే నడుస్తున్నవి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారికి గండి పడి, రైలు కట్ట దెబ్బతిని రాకపోకలు నిలిచిపోయిన సంగతి కోవూరు ప్రాంతంవారికి నేను చెప్పనక్కరలేదు. దారి తెగిననాడు మాట కూడా తెగితే ఇక చేసేదేమున్నది?

మన దేశంలో సెల్‌ఫోను 1995 జూలై 31న మొదలైనది. ఆ తరువాత ఎయిర్‌సెల్, టాటా డొకొమో, యూనినార్ అని ఎన్నో కంపెనీలు వచ్చి పోయినవి. ఇప్పుడు మనకు ఉన్నవి జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, ప్రభుత్వ సంస్థ అయిన బి.ఎస్.ఎన్.ఎల్. ఈ నాలుగింటిలో ఏది మంచిది? ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. కోవూరు బజారులో బాగున్నది లేగుంటపాడు పొలంలో బాగుండకపోవచ్చు. కనుక ముందు చూడవలసినది సిగ్నలు.

సిగ్నలును నాలుగు చోట్ల చూడండి: ఇంటిలోపల తలుపు వేసి, పొలంలో మోటారు దగ్గర, గుంట గట్టుమీద, మీరు సరుకు అమ్మే చోట. తెల్లవారి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిది గంటలకు ఒకసారి చూడండి. రాత్రి అందరూ ఫోను పట్టుకొని కూర్చొన్నప్పుడు ఇంటర్నెట్టు నెమ్మదిస్తుంది. ఫోనుమీద గీతలు చూచి ఊరుకోక, మాట్లాడి చూడండి. మాట తెగుతున్నదా, అవతలివారికి వినబడుతున్నదా గమనించండి. తమ సేవ ఎక్కడ అందుతుందో చూపే పటాలను కంపెనీలు వెబ్‌సైటులో పెట్టవలెనని ట్రాయ్ 2024లో నియమం చేసింది. అవీ చూడవచ్చు. అయితే పటం పటమే; గట్టుమీద నిలబడి చూచినదే నిజం.

రెండవది, సిమ్ము ఏ పరికరంలో వేస్తున్నారో చూచుకోవలెను. ఇంటినుండే మోటారు వేసి ఆపే స్టార్టర్లు ఇప్పుడు చాలామంది పెట్టుకొన్నారు. వాటిలో పాతవి కొన్ని 2జి మాత్రమే పట్టుతవి. జియోకు 2జి లేదు, 4జి, 5జి మాత్రమే ఉన్నవి. అందుచేత 2జి స్టార్టరులోగాని, పాత కీపాడ్ ఫోనులోగాని జియో సిమ్ము పనిచేయదు. అందులో సిమ్ము దోషమూ లేదు, స్టార్టరు దోషమూ లేదు. జత కుదరలేదు, అంతే. మిగతా మూడు కంపెనీలకు 2జి ఉన్నది. క్రొత్తగా స్టార్టరు కొనేవారు మాత్రం 4జి పట్టేదానినే అడిగి తీసుకోండి. 3జిని ఇప్పటికే చాలావరకు తీసివేశారు. 2జి మాత్రం ఎల్లకాలం ఉంటుందన్న భరోసా ఏమున్నది?

రొయ్యల గుంటలవారు మరీ జాగ్రత్తగా వినవలె. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, పానెలు నుండి మీకు హెచ్చరిక కాల్ రావలె. ఆ పానెలులోని సిమ్ముకు గడువు తీరి ఉంటే కాల్ రాదు. మన జేబులోని ఫోనుకు రీచార్జి మరువము; పానెలులోని సిమ్మును మరచిపోతాము. కొద్దిపాటి రీచార్జి లేక గుంటడు పంట పోగొట్టుకోవద్దు. ఆ సిమ్ము గడువు తేదీని పానెలు తలుపు లోపల సుద్దతో వ్రాసి పెట్టుకోండి.

మూడవది, ప్లాను లెక్క. ధర చూచి మోసపోకండి, రోజుకు ఎంత పడుతుందో లెక్క వేయండి. ఉదాహరణకు, 28 రోజుల ప్లాను రు.200 అనుకొందాము. రోజుకు రు.7.14. 84 రోజులది రు.500 అయితే రోజుకు రు.5.95. 365 రోజులది రు.1,900 అయితే రోజుకు రు.5.21. ఇవి లెక్కకోసం చెప్పిన ధరలు. అసలు ధరలు మారుతుంటవి, కొనేనాడు అడిగి తెలుసుకోవలెను. ఇంకొక మాట. 28 రోజులు నెల కాదు. ఏడాదికి 12 సార్లు అనుకొంటాము గాని, 13 సార్లు రీచార్జి చేయవలసి వస్తుంది. ఇది కుదరదనుకొనేవారికి, 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతినెలా అదే తేదీకి వచ్చే ప్లాను ఒకటి కంపెనీలు తప్పక ఉంచవలెనని 2022లో ట్రాయ్ ఆదేశించింది. అడిగినవారికే చెబుతారు, కనుక అడగండి.

ఏడాది ప్లాను చౌకే. కాని డబ్బు ఒక్కసారే పోయవలె. నాట్లవేళ ఆ సొమ్ము ఎరువుకు పనికివస్తుంది. ధాన్యం డబ్బు చేతికి వచ్చినప్పుడు వేయించుకొంటే సులువు. అదికూడా సిగ్నలు సరిచూచిన తరువాతనే. ఎందుకంటే కంపెనీ మారితే మిగిలిన బాలెన్సు, గడువు మీ వెంట రావు.

రోజుకు ఎంత డేటా కావలెనో మీరే ఆలోచించండి. కబుర్లకు, ఫోటోలకు, వాతావరణ సూచనలకు కొద్దిపాటి డేటా చాలు. డేటాను ఎక్కువగా తినేవి వీడియోలు. 5జి ఫోను లేనివారికి 5జి ఆశ చూపే ప్లాను అక్కరలేదు. ఇంటర్నెట్టు జోలికే పోని పెద్దలకోసం, మాటలు, ఎస్.ఎం.ఎస్.లు మాత్రమే ఉండే ప్లాన్లు విడిగా ఇవ్వవలెనని 2024 డిసెంబరులో నియమం వచ్చింది. కీపాడ్ ఫోను వాడే తల్లిదండ్రులకు వాడని డేటాకు డబ్బు కట్టవలసిన పనిలేదు.

"అయ్యా, కంపెనీ మారితే నెంబరు మారుతుంది. బాంకులో, ఆధారులో మళ్లీ మార్చుకోవాల. ఈ తిప్పలు మాకెందుకు?" అని పెద్దలు అడుగుతుంటారు. నెంబరు మారనక్కరలేదు, పెద్దాయనా. 2011 జనవరి 20 నుండి దేశమంతటా పాత నెంబరుతోనే కంపెనీ మారవచ్చును. ఇంగ్లీషు అక్షరాలలో పోర్ట్ అని వ్రాసి, కొంచెం ఎడం ఇచ్చి, మీ నెంబరు వేసి 1900కు ఎస్.ఎం.ఎస్. పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే చెల్లుతుంది. ఆలోపల ఆధారు తీసుకొని క్రొత్త కంపెనీ అంగడికి పోవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి ఒకే సర్కిలు గనుక సాధారణంగా మూడు పనిదినాలలో మారుతుంది. అయితే ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులైనా ఉండి ఉండవలె. సిమ్ము పోయి క్రొత్తది తీసుకొన్నవారు ఏడు రోజులు ఆగవలె. పోస్టుపెయిడ్ బాకీ ఉంటే ముందు తీర్చవలె. మారే సమయంలో కొంతసేపు ఫోను మూగబోతుంది. కనుక ధాన్యం కాటా వేసే వారంలో ఈ పని పెట్టుకోకండి.

దీనికంటె ముందు, నేను చెప్పే సులువైన పద్ధతి ఇది. మీ ఫోనులో రెండవ సిమ్ముకు చోటు ఉంటే, క్రొత్త కంపెనీ సిమ్ము ఒకటి చిన్న ప్లానుతో వేసుకొని ఒక నెల వాడి చూడండి. ప్రదర్శన కయ్యవంటిదే ఇదీ. నచ్చితే పాత నెంబరును అక్కడికి మార్చుకోండి. నచ్చకపోతే నష్టం ఒక చిన్న రీచార్జి మాత్రమే.

బాంకుకు, ఆధారుకు ఇచ్చిన నెంబరును ఊరక పడవేయకండి. వాడకం లేకుండా 90 రోజులు దాటితే నెంబరు రద్దు కావచ్చు. తరువాత దానిని మరొకరికి ఇస్తారు. మీ ఓ.టి.పి. ఆ క్రొత్తవారికి పోతుంది! ఆ నెంబరు వదలుకోవలసి వస్తే, ముందు బాంకులో, ఆధారులో మార్పించి, ఆ తరువాతనే వదలండి.

సిమ్ము కొనేచోట వేలిముద్ర ఎన్నిసార్లు వేయమంటున్నారో గమనించండి. "పడలేదు, మళ్లీ వేయండి" అంటే ఎందుకని అడగండి. మీ పేరుమీద ఎన్ని నెంబర్లు ఉన్నవో ప్రభుత్వంవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో చూచుకోవచ్చు. మనకు పరిమితి తొమ్మిది. మీది కాని నెంబరు కనిపిస్తే అక్కడే తెలియజేయవచ్చును. ఓ.టి.పి.నిగాని, పోర్టు కోడునుగాని ఫోనులో అడిగినవారికి చెప్పవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. సేవలో లోపం ఉంటే కంపెనీ ఫిర్యాదు నెంబరు 198కి చెప్పి, వారిచ్చే ఫిర్యాదు సంఖ్య వ్రాసి ఉంచుకోండి. ఆ సంఖ్య లేనిదే పై అధికారికి అప్పీలు చేయడం కష్టం.

తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీ గ్రామంలో ఏ వీధిలో, ఏ కాలువ క్రింద, ఏ కంపెనీ సిగ్నలు ఎలా ఉన్నదో రైతులను అడిగి ఒక కాగితంమీద వ్రాసి, రైతు సేవా కేంద్రంలో అంటించండి. ఆరు నెలలకొకసారి సరిచేయండి. ఏ కంపెనీ తరఫునా మాట్లాడకండి. ఉన్నది ఉన్నట్లు వ్రాయండి.

సోదరులారా, మొత్తంమీద చెప్పినది ఇది. ముందు సిగ్నలు, తరువాత పరికరం, ఆ తరువాత రోజు లెక్కన ధర. పరీక్షించి చూచినదాకా ఏడాది ప్లాను వద్దు. నెంబరును పట్టాదారు పాసుపుస్తకమంత జాగ్రత్తగా కాపాడుకోండి. పంటమీద సందేహాలు కలిగితే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఉదయం 6 గంటలనుండి రాత్రి 10 గంటలవరకు ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే అడగవచ్చును. మంచి సిమ్ము తెచ్చుకొన్న తరువాత మొదటి ఫోను దానికే చేయండి.