మరిగిన నీటికి ఏ పంపు?

(కమలాపురంలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పంపుల సంగతి కమలాపురం రైతులకు ఒకరు వచ్చి చెప్పవలెనా అని మీరు అనుకోవచ్చు. నిజమే. బావిలో నీరు దిగినకొద్దీ ఇంజనును కూడా మెట్టు మెట్టుగా లోపలికి దింపుకున్న పెద్దలు మీలో ఉన్నారు. నీటికి ఇరవై అడుగులకు మించి ఎత్తున పెడితే పంపు పీల్చదని వారు ఏ పుస్తకంలోనూ చదువలేదు. నేను చెప్పబోయేది ఆ పాఠానికే కొనసాగింపు. అయితే ఇక్కడి నీరు బావినీరు కాదు. ఆవిరి తన వేడిని ఇచ్చివేసి తిరిగి నీరై వచ్చినది.

రైతులు సంఘాలుగా చేరి, పండినదాన్ని ఊళ్ళోనే శుద్ధి చేసుకొనవలెనని ఆలోచిస్తున్న రోజులివి. నూనె మరలో గింజలు వేయించే రెండు పొరల పాత్రకు, ఆరబెట్టే గదిలోని గొట్టాలకు ఆవిరి కావలెను. ఆ ఆవిరి సరుకును తాకదు కనుక, దానినుండి దిగిన నీరు స్వచ్ఛమైనది. దానిని మురుగులోకి వదలడమంటే కట్టెలు కాల్చి కాలువలో పోయడమే. పసుపు ఉడికించే డ్రమ్ముల సంగతి వేరు. అక్కడ ఆవిరి కొమ్ములకే తగులుతుంది. కిందికి దిగే నీటిలో రంగూ మట్టీ ఉంటాయి. ఆ నీటిని బాయిలరుకు తిప్పరాదు, లోపల నురగ కడుతుంది.

లెక్క చూడండి. 30 డిగ్రీల చన్నీటిని 3 కిలోల ఒత్తిడిగల ఆవిరిగా మార్చడానికి కిలోకు సుమారు 624 కిలో కేలరీలు పడుతుంది. అదే నీరు 100 డిగ్రీల వేడితో తిరిగి వస్తే అందులో 70 కిలో కేలరీలు ముందే ఉన్నట్లు. అంటే నూటికి 11 పాళ్ళు. నీరంతా చల్లారకుండా తిరిగివస్తే, నూరు బస్తాల వేరుసెనగ పొట్టు కాల్చే చోట పదకొండు బస్తాలు మిగులుతాయి. పైగా జమ్మలమడుగు వైపు నాపరాయి ఎంత ఉన్నదో మీకు తెలుసు. ఇలాంటి సున్నపురాతి నేలలో బావినీరు బాయిలరులో పెచ్చు కడుతుంది. తిరిగి వచ్చిన నీటిలో ఆ సున్నం ఉండదు.

ఇక అసలు చిక్కు. ఒక నూనె మరలో ఈ నీటిని పట్టే ట్యాంకును నేలలో పాతి, మూలనున్న పాత బావిపంపును గట్టుమీద బిగించారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా తోడింది. మధ్యాహ్నానికి నీరు కాగేసరికి పంపులో గులకరాళ్ళు పోసినట్లు మోత, నీరు రాదు. నన్ను పిలిచారు. ఫుట్‌వాల్వుదే తప్పని చెప్పి మార్పించాను. ఆ ఖర్చు దండుగే అయినది. పంపు విప్పి చూస్తే ఇంపెల్లరు నిండా స్ఫోటకపు మచ్చలవలె గుంటలు. అప్పుడుగాని నాకు బుద్ధి రాలేదు.

పంపు నీటిని పీల్చదు. గాలి బరువు నీటిని పంపులోకి తోస్తుంది. ఇటలీలో టారిచెల్లి 1643లో ఈ సంగతిని రుజువు చేశాడు. ఆ గాలి బలం 10.3 మీటర్ల నీటికి సమానం. నీరు వేడెక్కినకొద్దీ ఆవిరై పోదామని చూస్తుంది, అంతమేరకు గాలి బలం ఖర్చు అయిపోతుంది. 30 డిగ్రీల వద్ద మిగిలేది 9.9 మీటర్లు, 80 డిగ్రీల వద్ద ఐదున్నర, 90 వద్ద మూడు చిల్లర. 100 డిగ్రీల వద్ద ఏమీ మిగలదు. అప్పుడు పంపు నోటి దగ్గరే నీరు బుడగలై, ఆ బుడగలు లోపల చితికి ఇనుమును కొరుకుతాయి. మనం విన్న గులకరాళ్ళ మోత అదే.

కనుక మరిగిన నీటిని పైకి లాగే మాట మరచిపోవలెను. ట్యాంకు పైన, పంపు కింద ఉండవలెను. ఎంత కింద? ప్రతి పంపుకూ కంపెనీవారు ఇచ్చే పట్టీలో ఎన్.పి.ఎస్.హెచ్. అని ఒక అంకె ఉంటుంది. అది 3 మీటర్లయితే ట్యాంకులోని నీటిమట్టం పంపుకంటే 3 మీటర్లు, పైన అర మీటరు ఎత్తున ఉండవలెను. 1 మీటరు అయితే మీటరున్నర చాలు. ఈ అంకె తక్కువగా ఉన్న పంపునే అడగండి. ధర కొంత ఎక్కువైనా స్టాండు ఖర్చు తగ్గుతుంది. పీల్పు గొట్టం పొట్టిగా, పంపు నోటికంటే ఒక సైజు పెద్దగా ఉండవలెను. దానిలో ఫుట్‌వాల్వు అక్కరలేదు. నీటిని తగ్గించవలసి వస్తే వాల్వును బయటికి పోయే వైపే తిప్పండి.

బావి అలవాటుకొద్దీ ఐదు హార్స్‌పవరు కొనకండి. గంటకు 300 కిలోల ఆవిరి వాడే చోట తిరిగి వచ్చేది 300 లీటర్లే. అది ఒకేసారి ఎగదన్నుకొని వస్తుంది కనుక గంటకు 600 నుండి 900 లీటర్లు తోడే పంపు సరిపోతుంది. పై ట్యాంకుకు ఎక్కించడానికి అర హార్స్‌పవరే ఎక్కువ. నేరుగా బాయిలరులోకి నెట్టడం దీనిపని కాదు. దానికి వేరే ఒత్తిడి పంపు ఉంటుంది. ప్లాస్టిక్ ఇంపెల్లరు, మామూలు రబ్బరు సీలు వేడికి నిలువవు. కంచుదో స్టెయిన్‌లెస్ స్టీలుదో చూడండి. బోరులో దించే పంపును ఇందులో వేయనే వద్దు. దాని మోటారును చల్లార్చేది చుట్టూ ఉన్న నీరే గదా!

కరెంటు నమ్మకం లేని చోట మోటారు లేని పంపు ఒకటి ఉన్నది. డబ్బాలోకి నీరు తనంతట దిగుతుంది. నిండగానే బెండు లేచి ఆవిరిని విడుస్తుంది. ఆవిరి నీటిని నెట్టివేస్తుంది. తిరిగే చక్రమే లేదు కనుక గుంటలు పడే భయం లేదు. అయితే ధర ఎక్కువ. నేల వాలు అనుకూలిస్తే బాయిలరు ట్యాంకును పల్లానికి పెట్టుకోండి, నీరు తానే నడిచి వస్తుంది, పంపే వద్దు. షెడ్డు కట్టకముందే ఈ ఆలోచన చేయవలెను.

నేను చెప్పిన మరవారు ట్యాంకును పైకి తీసి ఐదడుగుల ఇనుప స్టాండుమీద పెట్టారు. 1 మీటరు అంకెగల చిన్న పంపును కింద బిగించారు. ఆవిరి ఒత్తిడే నీటిని ట్యాంకులోకి ఎక్కిస్తుంది. ట్యాంకు మూతమీది గాలిగొట్టాన్ని మాత్రం, ఆవిరి పోతున్నదని ఎవరూ గుడ్డ కుక్కి మూయరాదు. ట్యాంకు పగులుతుంది.