సిఫార్సు ఉత్తరమా, నోటీసు బోర్డా?
(రాయపురం కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మిల్లులో పని కావాలంటే ఒకప్పుడు మేస్త్రీ చేయి తడపాల్సి వచ్చేది. సర్కారు కచేరీల్లోనూ అదే తంతు. పైన కూర్చున్నవాడు తనవాళ్లనే తెచ్చుకునేవాడు.

ఇది మన ఊరి జబ్బే కాదు. అమెరికాలో ఉద్యోగం దక్కలేదన్న కసితో ఒకడు 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డును కాల్చాడు. పరీక్ష పెట్టి ఉద్యోగాలిచ్చే చట్టం అక్కడ 1883లో వచ్చింది.

మద్రాసులో 1920 చివర జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. అన్ని వర్గాలకూ కొలువుల్లో చోటుండాలని 1921లో కమ్యూనల్ జి.ఓ. ఇచ్చింది. అది న్యాయమే. కానీ పానగల్ రాజాతో సహా మంత్రులు ముగ్గురూ తెలుగువారే కావడంతో తమిళ సభ్యులు నొచ్చుకున్నారు. పార్టీ చీలి, 1923లో అవిశ్వాస తీర్మానం దాకా వెళ్లింది. అది వీగిపోయింది. పంచేవాడి ఇష్టం మీద నడిచే పంపకం ఎవరు చేసినా అనుమానమే మిగులుతుంది.

అందుకే 1924లో స్టాఫ్ సెలక్షన్ బోర్డు, 1929 చట్టంతో సర్వీస్ కమిషన్ వచ్చాయి. రాష్ట్ర స్థాయిలో దేశంలో అదే మొదటిది.

మనకు దీనిలో రెండు పాఠాలున్నాయి. వెనకబడ్డవాడికి వాటా ఉండాలి. ఆ వాటా దయగా కాక, రాసిపెట్టిన నిబంధనగా దక్కాలి. బదిలీ కార్మికుల సీనియారిటీ జాబితా సూపర్‌వైజర్ జేబులో ఉండకూడదు, గేటు దగ్గర నోటీసు బోర్డు మీద ఉండాలి. మన యూనియన్ నాయకుడి చుట్టానికైనా వరుస వరుసే. ఆ మాట ముందు మనం పాటిస్తేనే యాజమాన్యాన్ని అడగగలం.