కాకి ఎందుకు ఆగుతుంది



పొద్దున మీ పట్టాల వేడుకకు వస్తుంటే శంషాబాద్‌లో ఒక చికెన్ సెంటర్ ముందు ట్రాఫిక్‌లో ఆగిపోయాం. దుకాణం పక్కన పేగుల కుప్ప, దాని దగ్గరో కుక్క, పైన కరెంటు తీగ మీద ఏడెనిమిది కాకులు. కుక్క అటు తిరిగేదాకా ఒక్కటీ దిగలేదు. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పక్షులు మూగే చెత్త, మాంసం వ్యర్థాలు పారేయకూడదని 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది అంటుంది. కుప్ప పోసింది మనిషి, ఓపిక పట్టింది కాకి.

ఆ ఓపికను ఆస్ట్రియాలో కొలిచారు. 2014లో వెలువడిన ఆ పరిశోధనలో కాకులకూ, రావెన్ అనే పెద్దకాకులకూ ఒక ముక్క ఇచ్చి, తినకుండా ఆగితే ఇంకా మంచిది ఇస్తామన్నారు. కొన్ని పది నిమిషాల దాకా ఆగాయి. అదే రకం ముక్కలు ఇంకా ఎక్కువిస్తామంటే మాత్రం పెద్దగా ఆగలేదు. రుచి మెరుగైతేనే ఓపిక, లెక్క పెరిగితే కాదు! బాగా ఆగగలిగినవి ముక్కులోని ముక్కను కింద పెట్టేశాయి, లేదా దాచేశాయి. నోట్లో పెట్టుకుని నిగ్రహించుకోవడం కాకికైనా కష్టమే. ఫోను చేతిలో పట్టుకుని పరీక్షకు చదివిన మీకు నేను చెప్పాలా?

2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు మరో సంగతి చూపించారు. 17 గంటల తర్వాత పనికొచ్చే పనిముట్టును రావెన్‌లు ముందే ఎంచి పెట్టుకున్నాయి. వాటి మెదడు సుమారు 15 గ్రాములు, అంటే నాలుగైదు రూపాయి బిళ్లలంత బరువు. ఇంత తెలివీ ఉండి మన ఊరకాకి కోకిల పిల్లను సొంత పిల్లలా సాకుతుంది. అదెందుకో నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక మీ విషయానికొస్తే, మీలో కొందరు మంచి పని దొరకాలని క్యాంపస్ ఎంపికల్లో ఆగారు. కొందరు ఇంకో రెండు లక్షల కోసం ఆగారు. రెండో రకాన్ని కాకులు మెచ్చవు. ఇంటి మీద అప్పుండి మొదటి ఉద్యోగమే పట్టుకున్నవాళ్లను మాత్రం నిగ్రహం లేదని ఎవరూ అనకండి. కుక్క పక్కనుంటే కాకి లెక్కే వేరు.

బయట విస్తళ్లు వేస్తున్నట్టున్నారు. షామియానా కర్ర మీదికి అప్పుడే ఒక కాకి వచ్చి వాలింది, మీకంటే ఓపికగా నా ప్రసంగం వింటోంది. ఇక దిగుతాను.